లెనోర్ ఎర్ర చేతితొడుగు

లెనోర్ మాకికి భయం పుట్టుకతోనే వచ్చిందని రసాయనశాస్త్ర భవనం మూడో అంతస్తులో అందరూ అనేవారు. లిఫ్టు మధ్యలో ఆగితే ఆ ఆవిరికి ఊపిరాడదని, ద్రవ నైట్రోజన్ డబ్బాను లిఫ్టులో ఒంటరిగా పంపి, తాను మెట్లెక్కి వచ్చేది. అది నిబంధనే గాని, బూట్ల నుంచి మంచునీళ్ళు కారుతున్నా మెట్లెక్కేది ఆమె ఒక్కతే. ల్యాబ్ నుంచి ఇంటికెళ్ళాక తలస్నానం చెయ్యకుండా తన ఎనిమిది నెలల కొడుకు అర్వోను ఎత్తుకునేది కాదు. రాత్రి వాడు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. వాడు ఉలిక్కిపడి ఏడిస్తే, ఏడుస్తున్నాడంటే బాగానే ఉన్నాడన్నమాట అని అప్పుడు కూర్చునేది.

తోటి పరిశోధకుడు ఎమెట్ ట్రూడెల్ ఆమెను "అమ్మమ్మా" అని పిలిచేవాడు. ఆమెకంటే రెండేళ్ళు చిన్నవాడు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, ఎప్పుడూ చొక్కా జేబులో ఎండు మాంసం ముక్కలు.

లెనోర్ తండ్రి ఉత్తరాన ఇనుప గనుల్లో మందుగుండు పేల్చే పని చేసినవాడు. రాతి రంధ్రంలో పెట్టిన మందు పేలకపోతే ఏం చెయ్యాలో ఆయన కూతురికి అన్నం తినిపిస్తూ చెప్పేవాడు. ఏమీ చెయ్యకూడదు. కూర్చోవాలి. "ఎందుకు పేల్లేదా అని చూడ్డానికెళ్ళినోళ్ళ పేర్లే చర్చి గోడ మీదున్నాయే తల్లీ," అనేవాడు. ఆ గోడ మీద ఆమె పెదనాన్న పేరు కూడా ఉంది.

ఆ ఇద్దరు పరిశోధకులకూ కలిపి ఒకే హుడ్ ఉండేది. ముందువైపు పైకీ కిందికీ జరిగే గాజు తలుపున్న పెద్ద అలమర అది. దాని లోపల గాలి తగిలితే చెడిపోయే పదార్థాల కోసం గాజు గొట్టాల వరస ఒకటి. ఒక చివర పంపు గాలిని లాగేస్తూ ఉంటుంది. ద్రావకాల ఆవిరి పంపులోకి పోకుండా మధ్యలో ట్రాప్ అనే గాజు పాత్రను ద్రవ నైట్రోజన్‌లో ముంచి ఉంచుతారు. ఆ చలికి ఆవిరి అంతా అక్కడే గడ్డకడుతుంది. ఇంతవరకు మంచిదే. కాని గొట్టం మీది వాల్వు ఒక్కటి పొరపాటున తెరిచి ఉండిపోతే గదిలో గాలి లోపలికి వస్తుంది. అందులోని ఆక్సిజన్ ఆ చలికి ద్రవమై ట్రాప్ అడుగున చేరుతుంది. లేత నీలంగా, చూడటానికి ముద్దుగా ఉంటుంది. గడ్డకట్టిన ద్రావకంతో కలిశాక దాన్ని కదిపితే బాంబులా పేలవచ్చని ఆ విద్య నేర్చిన ప్రతివాడికీ మొదటి వారమే చెబుతారు.

అందుకే లెనోర్ ఒక ఆచారం పెట్టింది. వాళ్ళమ్మ అల్లిన ఎర్ర ఊలు చేతితొడుగు ఒకటి హుడ్ పక్కన మేకుకు వేలాడేది. ట్రాప్‌కు నైట్రోజన్ పెట్టినవాళ్ళు దాన్ని ఎడమ చేతికి తొడుక్కోవాలి. వాల్వులన్నీ మూసి, నైట్రోజన్ తీసేదాకా విప్పకూడదు, గది దాటకూడదు. ఎమెట్ మొదట్లో పగలబడి నవ్వాడు. "రెండో చేతికి కూడా అల్లమను. మీ అమ్మని ఈ విభాగానికి అధిపతిని చేద్దాం," అన్నాడు. కాని తొడుక్కునేవాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆమె తన ఫ్లాస్కును గొట్టం నుంచి విడదీసింది. ఇక ఆ వాల్వు మూసెయ్యడమే మిగిలింది. జేబులో ఫోను మోగింది. కుడి చేతిలో ఫ్లాస్కు, ఎడమ చేతి ఊలు తొడుగుతో ఫోను తెర పలకదు. తొడుగు పళ్ళతో లాగి విప్పి ఫోనెత్తింది.

పిల్లల్ని చూసుకునే బెర్నీస్. "అమ్మాయ్, కంగారుపడకు. నీ కొడుకు ఒళ్ళు కాలిపోతోంది. వచ్చి తీసుకెళ్ళు."

కంగారుపడకు అన్నాక కంగారుపడకుండా ఉండే తల్లి ఎవరు? లెనోర్ ఫ్లాస్కు బల్ల మీద పెట్టి కోటు తగిలించుకుంది. ఎదురుగా వస్తున్న ఎమెట్‌తో, "వాడికి జ్వరమట," అని ఒక్క మాట చెప్పి మెట్లు దిగిపోయింది.

ఊరి పక్క సరస్సు మీదినుంచి మంచు అడ్డంగా కొడుతోంది. కారు నిలిపి, బెర్నీస్ ఇంటి మెట్ల మీద బూట్లు దులుపుకొని, చేతులు వెచ్చబడాలని కోటు జేబులో పెట్టింది. మెత్తగా ఏదో తగిలింది. బయటికి తీసింది. ఎర్రగా ఉంది.

వాల్వు మూయలేదు. ఆమె గడప మీదే కూలబడింది.

"ఏమయింది?" బెర్నీస్ అర్వోను భుజానేసుకుని వచ్చింది. వాడి చెంపలు తొడుగు రంగులో ఉన్నాయి.

లెనోర్ ఎమెట్‌కు ఫోను చేసింది. అతను వెంటనే ఎత్తాడు.

"ఎక్కడున్నావు?"

"నా కుర్చీలో. వాడెలా ఉన్నాడు?"

"ఎమెట్, దగ్గరికి వెళ్ళకుండా, ఉన్నచోటినుంచే ట్రాప్ చూడు. ఏ రంగుంది?"

అవతల కుర్చీ చక్రాలు కదిలిన చప్పుడు.

"నీలం," అన్నాడు. అతని గొంతు అంత చిన్నగా ఉండగలదని ఆమెకు అప్పుడే తెలిసింది. "చాలా ఉంది అమ్మమ్మా."

"ఏ వాల్వూ ముట్టుకోకు. నైట్రోజన్ తియ్యకు. గాజు తలుపు దించి బయటికిరా. అంతస్తంతా ఖాళీ చేయించు. నైట్రోజన్ మెల్లగా ఆవిరైపోయాక ఆ నీలమూ ఆవిరవుతుంది. తెరిచిన వాల్వులోంచే పోతుంది. తప్పు నాది, అందరికీ చెప్పు."

"తలుపు దించాను," అన్నాడు. "నా ఫ్లాస్కు కూడా లోపలే ఉంది."

అది ఆమెకు తెలుసు. ఆ హుడ్‌లోనే, ట్రాప్‌కు మూరెడు దూరంలో, పొడిమంచు, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, నింపిన గిన్నెలో కూర్చున్న ఊదారంగు ద్రావణం. శరదృతువు నుంచి అతను చేసిన పనంతా అదే. పొడిమంచు తరిగిపోయి వెచ్చబడితే మట్టి రంగుకు తిరిగి చచ్చిపోతుంది. ఎవరో ఒకరు మధ్యమధ్యన మంచు వేస్తుండాలి.

"ఎమెట్."

"విన్నాను," అన్నాడు. విన్నానన్నాడు గాని సరేననలేదు.

లెనోర్ లేచింది. కొడుకు ఆమెను చూసి చేతులు చాచాడు. ఆ నుదురు ఒక్కసారి తాకితే ఇక కదల్లేనని ఆమెకు తెలుసు. తాకలేదు.

"నేను తిరిగి వెళ్ళాలి. లేకపోతే అతను లోపలికెళ్తాడు."

"జ్వరం పిల్లల్ని ఉంచుకోకూడదని నా లైసెన్సులో రాసుంది," అంది బెర్నీస్. ఆమె కళ్ళు లెనోర్ ముఖం మీదే ఉన్నాయి. "వెళ్ళు. మందేసి పక్క గదిలో పడుకోబెడతాను. లైసెన్సుతో నేను మాట్లాడుకుంటాను."

దారంతా ఆమె చెవులు పేలుడు కోసమే తెరుచుకుని ఉన్నాయి. మంచు తవ్వే బండి పార రోడ్డుకు కొట్టుకుంటే బ్రేకు తొక్కింది. వంతెన దగ్గర ఎవడో హారన్ కొడితే మళ్ళీ తొక్కింది. భవనం కనబడి, మూడో అంతస్తు కిటికీలకు అద్దాలున్నాయని చూసుకున్నాక ఊపిరి పీల్చింది. అద్దాలున్నాయంటే ఇంకా జరగలేదని మాత్రమే అర్థం.

జనమంతా బయట మంచులో గుంపులుగా ఉన్నారు. వాళ్ళలో ఎమెట్ లేడు. ఆమె వెనక మెట్లవైపు పరిగెత్తింది.

అతను రెండో అంతస్తు మెట్ల మలుపులో ఉన్నాడు. భద్రతాధికారి హాల్‌స్టెడ్ కింద తలుపు దగ్గర జనాన్ని లెక్కపెట్టుకుంటుంటే వెనకదారిన ఎక్కాడు. చేతిలో పొడిమంచు సంచి. లెనోర్ అతన్ని దాటి పై మెట్టు మీద అడ్డం నిలబడింది.

"జరుగు, లెనోర్." అమ్మమ్మా అనలేదు. "గిన్నెలో పోసి వచ్చేస్తాను. ట్రాప్ ముట్టుకోను."

"తలుపు ఎత్తాలి. ఆ వరస అదురుతుంది."

"ఎత్తితే పేలుతుందని నీకు తెలుసా?"

"తెలీదు."

"మరి?"

"తెలీదు కాబట్టే."

"నీ తప్పుకి నా పని పోవాలా?"

అవును, అదే జరగబోతోంది. ఆమె రెండు చేతులూ అటూ ఇటూ కమ్మీలు పట్టుకుని నిలబడింది. అతను తోస్తే పడిపోయేదే. పైన పంపు గురగుర గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు వినిపిస్తోంది. అది వినేసరికి అతను కూడా తలెత్తి పైకి చూశాడు.

"మా నాన్న..." అని మొదలుపెట్టి ఆగింది. "ఎమెట్, అక్కడ కొడుకు ఒళ్ళు కాలుతుంటే వదిలేసి వచ్చాను. నన్ను దాటుకుని వెళ్ళకు."

అతను సంచి మెట్టు మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. హాల్‌స్టెడ్ పైకొచ్చి ఇద్దరినీ తిట్టుకుంటూ కిందికి దింపుకుపోయాడు.

చీకటి పడబోతుండగా హాల్‌స్టెడ్ ముఖానికి కవచం పెట్టుకుని వెళ్ళి వచ్చాడు. నైట్రోజన్ అయిపోయింది. నీలం ఆవిరైపోయింది. ట్రాప్ అడుగున కాస్త ద్రావకం తప్ప ఏమీ లేదు. ఏమీ జరగలేదు. ఎమెట్ ఫ్లాస్కులో మాత్రం మట్టిరంగు బురద.

ఎమెట్ దాన్ని దీపానికెత్తి చూసి దించేశాడు. "పేలి ఉంటే నీకు థాంక్స్ చెప్పేవాణ్ణి," అన్నాడు. "ఇప్పుడేం చెప్పాలో తెలీట్లేదు."

"ఏం చెప్పకు." లెనోర్ జేబులోంచి తొడుగు తీసి బల్ల మీద పెట్టింది.

"కొడుకు దగ్గరికి వెళ్ళు."

జ్వరం తగ్గి అర్వో నిద్రపోతున్నాడు. లెనోర్ బెర్నీస్ ఇంట్లోనే తలస్నానం చేసి, ముక్కు దగ్గర వేలు పెట్టి, అలాగే కూర్చుండిపోయింది. ఎమెట్‌ను వెళ్ళనిచ్చి ఉంటే ఫ్లాస్కుతో నవ్వుతూ తిరిగి వచ్చేవాడేమో. ఆ సంగతి ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

కొడుకు కుదుటపడ్డాక ల్యాబ్‌కు వెళితే మేకు మీద తొడుగు కొత్తరకంగా వేలాడుతోంది. ఈ ఊళ్ళో తల్లులు పిల్లల తొడుగులు పోకుండా కోటు చేతుల్లోంచి దారం పోసి కట్టినట్టు, దానికి గట్టి తాడు కుట్టి హుడ్ పిడికి ముడివేసి ఉంది. తాడు పొట్టిది.

"మా అమ్మనడిగి కుట్టాను," అన్నాడు ఎమెట్, కొత్త ఫ్లాస్కు కడుగుతూ, తల తిప్పకుండా. "వేసుకుంటే జేబుదాకా చెయ్యి రాదు. విప్పినా అది గది దాటదు, అమ్మమ్మా."

లెనోర్ దాన్ని తొడుక్కుంది. పంపు మొదలైంది. ఎమెట్ ఫ్లాస్కు కింద పెట్టి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ట్రాప్ వంకే చూస్తూ ఉండిపోయారు.