నోవహు ఓడలో చెదపురుగులు

కండక్టర్ ప్రేమానందానికి సందేహం రాని ఆదివారమంటూ జగ్గయ్యపేట చర్చిలో ఒక్కటీ గడవలేదు. పాస్టరు వరప్రసాదరావుగారు ప్రసంగం ముగించి ‘ఆమేన్’ అనేలోపే మగవాళ్ల వైపు చాపల్లోంచి ఓ చూపుడువేలు లేచేది.

“అయ్యగారూ, చిన్న సందేహమండి. జలప్రళయంలో అన్ని ప్రాణుల్నీ ఎక్కించుకున్న నోవహు ఓడ చెక్కదే గదా. చెదపురుగుల్ని కూడా ఎక్కించుకున్నాడా?”

మరో వారం: “అయిదు రొట్టెలు అయిదువేల మందికి సరిపోయాయి, ఒప్పుకున్నా. మిగిలిన ముక్కలు ఎత్తడానికి ఆ అడవిలో పన్నెండు గంపలు ఎక్కడియ్యండీ?”

పాస్టరుగారు ఉపాయం పన్నారు. ఆమేన్ అనగానే ఏడు చరణాల పాట ఎత్తుకోమన్నారు. ప్రేమానందం ఏడు చరణాలూ వేలు దించకుండానే పాడాడు.

నందిగామ చర్చి కూడా పాస్టరుగారిదే. అక్కడికి వెళ్లాలంటే ప్రేమానందం బస్సే గతి, దారంతా సందేహాలే. ‘దూకితే కాళ్లు విరుగుతాయని ఊరుకుంటున్నా గానీ...’ అని ఆయన ఇంట్లో వాపోయేవారు.

డెబ్భై ఎనిమిది వానాకాలంలో, కూలిపని చేసుకునే సౌభాగ్యమ్మ ఏడేళ్ల కొడుకు విషజ్వరంతో పోయాడు. ఒక్కడే కొడుకు. ఆమె చర్చికి రావడం మానేసింది. పాస్టరుగారు మూడుసార్లు ఇంటికెళ్లి “దేవుడి చిత్తమమ్మా” అన్నారు. మూడుసార్లూ ఆమె మంచినీళ్లిచ్చింది. ఇచ్చి కూలికి బయల్దేరింది. ఇక ఆ మనిషి రాదేమోనని ఆయనకు దిగులు పట్టుకుంది.

క్రిస్మస్ ముందు ఆదివారం పాస్టరుగారు, చనిపోయిన లాజరును ప్రభువు సమాధిలోంచి లేపిన కథ చెప్పారు. వేలు లేచింది.

“అయ్యగారూ, సందేహమండి.” ఈసారి ‘చిన్న’ అనలేదు. “నాలుగు రోజుల శవాన్ని లేపినాయన, జ్వరమొచ్చిన ఏడేళ్ల పిల్లాణ్ణి మంచంమీంచి ఎందుకు లేపలేదండీ?”

“కూర్చోవయ్యా, విశ్వాసం లేనోడా!” అని సంఘపెద్ద కొండలరావు కసిరాడు.

పాస్టరుగారి దగ్గర తయారుగా అయిదు సమాధానాలున్నాయి. నోరు తెరిచారు. గుమ్మంలో, చెప్పులు విప్పకుండా, సౌభాగ్యమ్మ నిలబడి ఉంది. అయిదూ ఎగిరిపోయాయి.

“నాకు తెలీదు,” అన్నారు. “నేనూ ఆయన్నే అడుగుతున్నా. చెప్పట్లేదు. లాజరు కోసం ఆయన కూడా ఏడ్చాడని మాత్రం రాసుంది. అందుకే ఇంకా ఆయన్నే అడుగుతున్నా.”

వేలు దిగింది. సౌభాగ్యమ్మ చెప్పులు విప్పి, ఆడవాళ్ల చాప చివర కూర్చుంది.

మర్నాడు బస్సులో పాస్టరుగారే మొదలెట్టారు. “నీ పిల్లలు ముగ్గురూ గుండ్రాళ్లలా ఉన్నారుగా. ఆ సందేహం నీకెందుకొచ్చిందయ్యా?”

“నాది కాదండి, సౌభాగ్యమ్మది. బస్సులో నన్నడిగింది. గుళ్లో అడిగితే విశ్వాసం లేదంటారని ఆమె భయం. నన్నెటూ అంటున్నారుగా! నేనడుగుతా, వచ్చి విను అన్నా.”

“మరి గంపలు?”

“బుట్టలల్లే పున్నమ్మవండి.”

పాస్టరుగారు బస్సంతా ఒకసారి కలయజూశారు. ఇన్నాళ్లూ తాను తప్పించుకు తిరిగింది ఒక్క మనిషిని కాదు, బస్సెడు జనాన్ని.

“చెదపురుగులు ఎవరివయ్యా?”

ప్రేమానందం తల గోక్కున్నాడు. “అవి మాత్రం నావేనండి. ఇంతకీ ఎక్కించాడంటారా?”

పాస్టరుగారు పక్కకు జరిగారు. “టిక్కెట్లు అయ్యాయిగా, కూర్చో. నందిగామ దాకా ఆలోచిద్దాం.”