పేరు పెట్టి రావద్దన్న కొట్టు

మా బామ్మర్దికి పాతపట్నంలో చింతపండు కొట్టు ఉంది. కొండ మీద నుంచి సంతకు దిగే చింతపండు కొని, గింజ తీయించి, పెద్ద ఊళ్ళ వ్యాపారులకు పంపుతాడు. నేను శ్రీకాకుళంలో ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యాను. వాళ్ళింటికి ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా, మందు డబ్బాలో మడిచిపెట్టిన చీటీతో సహా, నా దగ్గరకు రావడం నా పెళ్ళినాటి నుంచి ఉన్న అలవాటు. మధ్యలో మా ఆవిడ ఉండేది. వాడు ఆమెకిచ్చేవాడు, ఆమె నాకిచ్చేది. నేను చెప్పిన దాంట్లో సగం తీసేసి, మిగతాది వాడికి అర్థమయ్యేలా చెప్పేది. ఆమె పోయి ఏడాది దాటింది. ఇప్పుడు కాగితాలు నేరుగా నాకే వస్తున్నాయి.

ఈసారి కాగితం బదులు ఫోనే వచ్చింది. ఆదివారం పొద్దున్న బామ్మర్ది బండి గేటు ముందు ఆపి, హెల్మెట్ తీయకుండానే లోపలికి వచ్చాడు.

"బావా, రెండు పనుల మీద వచ్చేను. ముందిది సూడు."

ఫోన్‌లో, డిజిటల్ నాణేలు కొని అమ్మే ఏదో క్రిప్టో ఎక్స్ఛేంజి తాలూకు యాప్ తెరిచి ఉంది. నీలం రంగు మీద పెద్ద అక్షరాలు, భూగోళం బొమ్మ.

"ఇందులో మన దేశపోళ్ళని సేర్సుకుంటారో నేదో సదివి సెప్పు. నువ్వు ఊఁ అంటే సాయంత్రానికల్లా దిగిపోతాం."

"దిగిపోతామంటే ఎవరెవరు?"

"మా లైన్లో సింతపండు కొట్లోళ్ళందరూ. మా బావ సదువుకున్నోడు, ఆయన సదివి సెప్పినాక ఏద్దాం అన్నాను. అందరూ ఫోన్లు సేత్తో అట్టుకుని కూకున్నారు."

ఏ డబ్బు వేస్తారని అడిగాను. ఆ సీజన్‌లో సరుకు అమ్మగా వచ్చిన సొమ్ము. మళ్ళీ ఏడాది చింతపండు కొనాల్సింది దానితోనే. అది ఎక్కడైనా ఇరుక్కుంటే సంతలో ఆ కొట్ల వాళ్ళు బస్తా పట్టుకుని నిలబడే వీలుండదు. కొండ మీద నుంచి దిగేవాళ్ళు వేరేవాళ్ళకు తూచేసి వెళ్ళిపోతారు. ఇది వాడికి నాకంటే బాగా తెలుసు. తెలిసే వచ్చాడు. మెసేజీల గ్రూపులో ఎవరో చెప్పారట, ఈ ఎక్స్ఛేంజిలో వేస్తే పెరుగుతుందని. ఆ మనిషిని వీళ్ళెవరూ చూడలేదు.

కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. వాడు హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఫోన్లోకి దిగిపోనాదంటే మనల్ని సేర్సుకున్నట్టే గదా?" అన్నాడు.

"యాప్ ఎవరి ఫోన్‌లోకైనా దిగుతుంది. ఖాతా ఇస్తారా లేదా అన్నది వేరు."

మొదటి పేజీలో ప్రపంచమంతటా మేమున్నాం అని రాసుకున్నారు. అలాంటి వాక్యాల్లో సమాచారం ఉండదు. కిందికి వెళ్ళాను. వాళ్ళే రాసుకున్న వ్యాసం ఒకటి భారతీయులకు స్వాగతం అంటోంది. అది ఎప్పటిదో తేదీ లేదు. బామ్మర్ది ముఖం వెలిగింది.

"అదుగో! సొగతం అన్నాడు గదా!"

"ఇది ఎప్పటిదో తెలియదు. ఇప్పటి మాట ఏమిటో చూడాలి."

"నువ్వేటి బావా, పెళ్ళికొడుకు గురించి వాకబు సేసినట్టు సేస్తన్నావు."

ఖాతా తెరిచే చోటికి వెళ్ళాను. ముందుగా దేశం ఎంచుకోమంది. ఇంగ్లీషు అక్షరాల వరసలో పేర్లున్నాయి. ఐస్లాండ్ ఉంది, దాని కింద ఇండోనేషియా ఉంది. ఆ రెంటి మధ్య ఉండాల్సింది లేదు. వాడికి చూపించాను.

"బీలో సూడు. భారత్ అని రాసుంటాడు."

బీలో చూశాను. వాడి తృప్తి కోసం హెచ్‌లో కూడా చూశాను. హిందూస్తాన్ కూడా లేదు.

అప్పుడు అట్టడుగున సన్నటి అక్షరాల్లో ఉన్న షరతుల పేజీ తెరిచాను. చదువుతూ ఉండగా బామ్మర్ది ఫోన్‌కు గ్రూపు మనిషి వాయిస్ మెసేజీ వచ్చింది. వాడు దాన్ని గట్టిగా పెట్టాడు. లిస్టులో ఇండియా కనపడకపోతే కంగారు పడొద్దని, ఏదో ఒక పక్క దేశం నొక్కేసి ముందుకు వెళ్ళమని, అందరూ అదే చేస్తున్నారని ఆ గొంతు చాలా మర్యాదగా చెప్పింది.

"సూసేవా? దారుంది," అన్నాడు వాడు. "పక్క దేశం ఎట్టీసి ఎల్లిపోదాం."

"నువ్వు పక్క దేశంలో ఉంటున్నావా?"

"మా అత్తోరిది పర్లాకిమిడి. నానక్కడ ఎన్నాళ్ళు ఉన్నాను, ఇక్కడెన్నాళ్ళు ఉన్నాను? గీత ఆ పక్కనుంటే ఒరిస్సా, ఈ పక్కనుంటే ఆంధ్రా. మనిసి మారిపోనాడేటి?"

వాడి మాటలో మోసం లేదు. వాళ్ళ ఊళ్ళో సగం ఇళ్ళకు బంధువులు సరిహద్దు అవతల ఉంటారు. పొద్దున్న ఇక్కడ టీ తాగి, మధ్యాహ్నం అక్కడ అన్నం తింటారు. ఎవరైనా ఏ ఊరని అడిగితే, అడిగినవాడికి ఏది దగ్గరైతే అది చెబుతారు. ఆ లెక్కనే వాడు దేశానికి కూడా వర్తింపజేస్తున్నాడు.

నాకు తెలిసినంత వివరంగా చెప్పాను. ఇలాంటి వ్యాపారం మన దేశంలో చేసేవాళ్ళు ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలనీ, వీళ్ళు నమోదైనట్టు ఎక్కడా కనిపించడం లేదనీ అన్నాను. వేసేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు, తీసుకునేటప్పుడు మాత్రం నువ్వు ఆ దేశంలో ఉంటున్నట్టు కాగితం చూపించమంటారు, అప్పుడేం చూపిస్తావని అడిగాను.

"అప్పుడు సూసుకుందాం."

"పర్లాకిమిడి కరెంటు బిల్లు చూపిస్తావా?"

"నువ్వు మరీ ఎటకారం."

వాడికి ఎక్కలేదు. మా ఆవిడ ఉంటే ఇందులో సగం తీసేసి చెప్పేది. ఏ సగం తీసేయాలో నాకు తెలియలేదు. వాడు ఫోన్ నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"సరే, ఆడేటి రాసేడో ఆ ముక్కొక్కటీ సదువు. నీ మాటలు కలపకు. ఉన్నదున్నట్టు తెలుగులో సెప్పు."

చెప్పాను. "ఈ కింద పేర్లున్న దేశాల్లో నివసించేవారికి మా సేవలు అందించము. వారు ఇక్కడ ఖాతా తెరవకూడదు."

"కూడదన్నాడా?"

"అన్నాడు."

"కింద మన పేరున్నాదా?"

"ఉంది. ఇదిగో, ఇండియా."

"పేరెట్టి అన్నాడా?"

"పేరు పెట్టే అన్నాడు."

వాడు హెల్మెట్ కింద పెట్టాడు.

ఇక్కడ మా బామ్మర్ది గురించి ఒక సంగతి చెప్పాలి. మా వైపు శుభకార్యానికి ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలవాలి. ఫోన్‌లో చెప్పింది పిలుపు కింద లెక్కకు రాదు. ఈ రోజుల్లో చాలామంది సర్దుకుపోతున్నారు. వీడు సర్దుకోడు. సొంత మేనత్త కొడుకు తన పెళ్ళికి ఫోన్ చేసి పిలిస్తే, వీడు కొత్త చొక్కా వేసుకుని మరీ ఇంట్లో కూర్చున్నాడు. మా ఆవిడ బస్సెక్కి వెళ్ళి, ఆ పెళ్ళికొడుకునే వెంటబెట్టుకుని వచ్చి, వీడి నుదుట బొట్టు పెట్టించింది. ఆ తర్వాత పెళ్ళిలో వడ్డనంతా వీడే చేశాడు.

"బొట్టెట్టి పిలిస్తేగానీ మేనత్త కొడుకు పెళ్ళికే కదల్నేదు నాను," అన్నాడు నెమ్మదిగా. "పేరెట్టి రావద్దన్నోడి గుమ్మం తొక్కుతానా?"

అని అక్కడికక్కడే పాతపట్నానికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టాడు. అవతల చాలా గొంతులున్నాయి.

"ఒరే, మనల్ని రావద్దన్నాడ్రా."

"ఎవుడు?"

"ఆ ఎక్సేంజోడు. మా బావ సదివేడు. మన పేరు రాసి మరీ వద్దన్నాడు."

అవతల ఒక గొంతు నసిగింది. "పక్క దేశం పేరెట్టీమన్నాడు గదేటి ఆ గ్రూపాయన?"

"సిగ్గునేదేటి? ఇంకోడి పేరు సెప్పుకుని బంతిలో కూకుంటావా? తింటన్నప్పుడు ఎవరి తాలూకా అనడిగితే ఏటి సెప్తావు? ఆకు ముందు నుంచి లేపీరా?"

"అది నిజవే మావా," అన్నారు ఇంకెవరో. "నేపీకుండా ఉంటారేటి?"

"మన సింతపండేటి పాసిపోనాదా ఆడింటికి ఎల్లడానికి? మూసీండి ఫోన్లు."

మూసేశారు. నేను అరగంట కష్టపడి చెప్పలేనిది వాడు ఆకు, బంతి పెట్టి చెప్పాడు. నేను చెప్పిందీ అదే. తీసుకునే వేళకు లేపేస్తారనే కదా.

పెసరట్టు వేశాను. ఒకటి మాడింది, అది నేను తిన్నాను. వాడు తింటూ ఆ ఎక్స్ఛేంజి వాడిని తిడుతూనే ఉన్నాడు. నాకు సంతోషంగా ఉంది. వాడి అలకల్లో తీర్చాల్సిన పని లేనిది నాకు తెలిసి ఇదొక్కటే. చేతులు కడుక్కుని, బండి తాళం తీసుకుని, గేటు దాకా వెళ్ళినవాడు ఆగిపోయాడు.

"బావా! నానూ మా మేనత్త కొడుకు లాగే సేసీసేను!"

"ఏం చేశావు?"

"రెండో పని. మనవరాలికి అన్నప్రాసన ఎట్టుకున్నాం, వచ్చే ఆదివారం. నిన్ను పిలవడానికే బయల్దేరేను. ఈ ఫోన్ గోలలో ఇంట్లోనే కుంకం మరిసిపోనాను."

"చెప్పావు కదా, వస్తాలే."

"సెప్తే సరిపోతాదేటి? అక్క కుంకంబరిణి ఏది?"

దేవుడి అలమరలో ఉంది. ఏడాదిగా దాన్ని తీయలేదు. తీసి ఇచ్చాను. మూత బిగుసుకుపోయింది. వాడు చొక్కా అంచుతో పట్టుకుని తిప్పాడు. లోపల కుంకుమ గడ్డకట్టి ఉంది. వేలితో నలిపి నా నుదుట పెట్టాడు. మూత బిగించి బరిణి నా చేతికిచ్చాడు.

"బోయినానికి రావాల. పిలవనేదని తరవాత అనకు," అన్నాడు బండి ఎక్కుతూ.

వెళ్ళాను. బంతిలో నా పక్కన చింతపండు కొట్ల వాళ్ళే కూర్చున్నారు. పప్పు వడ్డిస్తుండగా వాళ్ళలో ఒక పెద్దాయన నా వైపు వంగాడు.

"మాస్టారూ, ఆ ఎక్సేంజోడు మళ్ళీ ఏటైనా కబురెట్టేడా?"

"లేదండీ."

"కబురెడితే మట్టుకు బొట్టెట్టమనండి," అని నెయ్యి గిన్నె ఇటు తెమ్మని కేకేశాడు.