నాంచారయ్య మాస్టారి కాశ్మీర్ సెలవు

అది 1974 వేసవి. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జీ పక్క సందులో, ఛాతీ జబ్బులు చూసే డాక్టరుగారి క్లినిక్‌లో నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. ఎక్స్‌రే మిషన్ దగ్గర ఆడమనిషి నిలబడటం ఆ రోజుల్లో చాలామందికి వింత. "నర్సమ్మా, ఫోటో తీసే ఆయన ఎప్పుడొస్తాడు?" అని నన్నే అడిగేవాళ్ళు. "ఆయన నేనే. చొక్కా విప్పండి" అనేదాన్ని. నాకు కాస్త నోటి దురుసు ఉన్న మాట నిజమే.

అప్పట్లో ఫిల్మ్ చేత్తో కడగాలి. డార్క్ రూమ్‌లో ఎర్ర దీపం వెలుతురులో ముందు డెవలపర్ అనే మందునీళ్ళలో, ఆ తర్వాత బొమ్మ చెరగకుండా నిలిపే ఫిక్సర్‌లో ముంచాలి. బెజవాడ ఎండకి డెవలపర్ వేడెక్కితే ఫిల్మ్ అంతా మసకబారిపోతుంది. అందుకని పొద్దున్నే వన్ టౌన్ నుంచి రిక్షాలో ఐసు దిమ్మ వచ్చేది. దాన్ని పగలగొట్టి తొట్టి చుట్టూ పేర్చడంతో నా రోజు మొదలయ్యేది. ఇక రోగి పేరు విషయానికొస్తే, సీసపు అక్షరాలు పేర్చి ఫిల్మ్ పెట్టే క్యాసెట్ మీద అతికించేవాళ్ళం. ఎముకలతో పాటే పేరు కూడా ఫిల్మ్ మీద పడిపోయేది. ఒకసారి పడ్డ పేరును మార్చడం ఎవరి తరమూ కాదు.

ఆ కాలపు ఉద్యోగుల అలవాటు ఒకటి చెప్పాలి. సెలవు చీటీలో అసలు కారణం ఎవరూ రాసేవారు కాదు. చెల్లెలి పెళ్ళికి టైఫాయిడ్, ఇంటి శంకుస్థాపనకి కామెర్లు. ఏడాది సెలవు కావాలంటే మాత్రం టీబీ ఒక్కటే దారి. దాని మందులు ఏడాదికి పైగా వాడాలి కాబట్టి పైవాళ్ళు కాదనలేరు. మా డాక్టరుగారు మెత్తని మనిషి. తెలిసినవాళ్ళు వచ్చి చేతులు పట్టుకుంటే సర్టిఫికెట్ రాసిచ్చేవారు. నాకు ఒళ్ళు మండేది కానీ, ఉద్యోగం చేసుకునేదాన్ని, ఏమంటాను?

నాంచారయ్య మాస్టారు కూడా అలా వచ్చినవారే. డాక్టరుగారికి హైస్కూల్లో బెంచీ స్నేహితుడు. బందరు దగ్గర సముద్రపొడ్డున చేపలు పట్టేవాళ్ళ ఇంట పుట్టి, ఆ ఊళ్ళో మొదటగా చదువుకుని, బెజవాడలో డ్రిల్లు మాస్టారు అయ్యారు. నిలువెత్తు మనిషి. ఆయన విజిల్ ఊదితే కాలువ అవతల గేదెలు కూడా తలలు తిప్పి చూసేవని పిల్లలు చెప్పుకునేవారు. ఆ రోజు చంకలో అట్లాసు పెట్టుకుని వచ్చారు.

"ఒరేయ్, ఏడాది సెలవు ఇప్పించరా. సైకిల్ మీద కాశ్మీర్ పోతా" అన్నారు.

డాక్టరుగారు పగలబడి నవ్వారు. మాస్టారు నవ్వలేదు. టేబుల్ మీద అట్లాసు పరిచి వేలితో దారి చూపించారు. నాగపూర్, ఝాన్సీ, ఢిల్లీ. దారిలో బడుల్లో పడుకుంటారట. పోతూ పోతూ హిందీ నేర్చుకుంటారట. గంగలో ఈత కొడతారట.

"పుట్టిన దగ్గర్నుంచీ ఉప్పునీళ్ళే చూశానమ్మా. మంచు ఎలా ఉంటుందో ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడాలి" అన్నారు నా వైపు తిరిగి.

"దానికి కాశ్మీర్ దాకా ఎందుకు మాస్టారూ, నా డార్క్ రూమ్‌కి రండి" అన్నాను. ఆయన హాయిగా నవ్వేశారు. ఆ మనిషంటే అప్పుడే ఇష్టం కలిగింది నాకు.

రెండు నెలలుగా రోజూ పొద్దున్నే గన్నవరం దాకా సైకిల్ తొక్కి వస్తున్నారట. "చూడు, ఎలా కరిగానో" అంటూ వదులైన చొక్కా పట్టి చూపించారు. మేమిద్దరం మెచ్చుకున్నాం. స్కూలు స్టాఫ్ రూమ్‌లో అప్పుడే చాటింపు వేసేశారట, "నాకు టీబీ వచ్చిందర్రా, కాశ్మీర్ పోతున్నా, ఏడాది కనపడను" అని. అందరూ ఒకటే నవ్వులట.

చిక్కల్లా ఒకటే. టీబీ సర్టిఫికెట్‌తో ఈసారి ఎక్స్‌రే ఫిల్మ్ కూడా జతచేయమన్నారు పై ఆఫీసు వాళ్ళు. డాక్టరుగారు గొంతు తగ్గించి, "సుగుణా, ఎవరైనా అసలు పేషెంటు వచ్చినప్పుడు వీడి పేరు పెట్టి ఇంకో ఫిల్మ్ తీసెయ్యమ్మా" అన్నారు.

నాకు కోపం ఆగలేదు. "జబ్బు మనిషిని ఊరికే రెండోసారి ఎక్స్‌రే ముందు నిలబెట్టనండీ. కావాలంటే ఈయనదే తీస్తాను. అందులో ఏమీ లేకపోయినా, ఏదో అనుమానంగా ఉందని మీరు రాసుకోండి" అన్నాను. డాక్టరుగారు మొహం ముడుచుకుని సరేనన్నారు.

మాస్టార్ని లోపలికి తీసుకెళ్ళాను. ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదని చెప్పాను. ఆయన చొక్కా విప్పి, ఛాతీ క్యాసెట్‌కి ఆనించి, మిలటరీ వాడిలా నిలబడ్డారు. "గాలి పీల్చండి. బిగబట్టండి" అన్నాను. బిగబట్టారు. వదిలాక చిన్న దగ్గు వచ్చింది. "గ్రౌండు దుమ్మమ్మా" అన్నారు.

డార్క్ రూమ్‌లో ఫిల్మ్ డెవలపర్‌లో ముంచి ఊపుతున్నాను. ముందు పక్కటెముకలు తేలాయి. తర్వాత గుండె నీడ తేలింది. ఆ తర్వాత కుడి ఊపిరితిత్తి పైభాగంలో తెల్లటి మచ్చ, దాని మధ్య నల్లగా గుండ్రటి ఖాళీ. దాన్నే కేవిటీ అంటాం, ఊపిరితిత్తి పుండుపడి గుల్ల అయిపోయిన చోటన్నమాట. అలాంటివి ఎన్ని చూశానో. పొరపాటున వేరే వాళ్ళ క్యాసెట్ తెచ్చానేమోనని పేరు చూశాను. సీసపు అక్షరాలు నాంచారయ్య అనే చెబుతున్నాయి.

నీళ్ళు కారుతున్న ఫిల్మ్ తెచ్చి వ్యూ బాక్స్ దీపం ముందు తగిలించాను. డాక్టరుగారు ఒక్క చూపు చూసి, కుర్చీలో వెనక్కి వాలి చప్పట్లు కొట్టారు.

"శభాష్! తియ్యనంటూనే తీశావే! ఎవరిదమ్మా ఇది? ఎంత చక్కటి కేవిటీ! ఒరేయ్ నాంచారీ, దీంతో ఏడాదేంటి, రెండేళ్ళు ఇస్తారు."

మాస్టారు కూడా పడీ పడీ నవ్వుతున్నారు. "పాపం, ఎవరో గానీ. ఆయన పుణ్యాన నేను కాశ్మీర్ చూస్తున్నా" అన్నారు.

"సార్, అది మాస్టారిదే" అన్నాను.

"ఇంకా ఎందుకమ్మా నాటకం? మనమే కదా ఉన్నాం."

"అమ్మతోడు సార్. ఆయనదే."

నమ్మరు. నేను ఒట్టేసేకొద్దీ నవ్వుతున్నారు. మళ్ళీ ఫిల్మ్ వైపు చూశాను. అప్పుడు కనిపించింది, భుజం ఎముక పక్కన పొట్టిగా తెల్లటి ఆకారం. గుండ్రంగా ఉంది, ఒక పక్క మూతి ఉంది, లోపల బఠాణీ గింజంత చుక్క కూడా ఉంది.

"మాస్టారూ, మీ విజిల్ ఏదీ?" అన్నాను.

ఆయన చెయ్యి మెడ మీదకి వెళ్ళింది. తాడు పట్టుకుని లాగితే విజిల్ వీపు మీద నుంచి ముందుకొచ్చింది. చొక్కా విప్పేటప్పుడు అడ్డొస్తే వెనక్కి తోసేసుకున్నారు. ఇన్నేళ్ళుగా మెడలో ఉండి ఉండి, అది కూడా లోహమేనని ఆయనకి తట్టనే లేదు. నా కోపంలో నేనూ దాన్ని చూసుకోలేదు.

డాక్టరుగారు విజిల్ వైపు చూశారు, ఫిల్మ్ వైపు చూశారు. లేచి వచ్చి స్నేహితుడి వీపు మీద స్టెతస్కోప్ పెట్టారు. చాలాసేపు తీయలేదు. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందా అంటే, ఎండలో డ్రిల్లు చేయించిన వేడనుకున్నానన్నారు మాస్టారు. ఒళ్ళు కరిగింది సైకిల్ వల్ల కాదని ముగ్గురికీ అప్పుడే అర్థమైంది. ఊపిరితిత్తుల జబ్బులు చూసే పనిమీదే బతుకుతున్నవాళ్ళం, కళ్ళెదుట పెట్టుకుని మెచ్చుకున్నాం.

మాస్టారు అట్లాసు మూసేశారు. స్నేహితుడి చెయ్యి పట్టుకుని, "ఒరేయ్, ఇంకేదైనా రాయరా. కామెర్లని రాయి. టీబీ అని మాత్రం రాయొద్దు" అన్నారు.

"పొద్దున్న నువ్వే కదరా టీబీ రాయమంది."

"అప్పుడు లేదు కదరా!" అని కేక పెట్టినట్టు అన్నారు. "ఉందని తెలిస్తే పిల్లల్ని నా దగ్గరికి పంపుతారా? ఇంటాయన ఉండనిస్తాడా? మా తిరుపతమ్మ నలుగురిలో తిరగ్గలదా?"

అబద్ధమైనప్పుడు స్టాఫ్ రూమ్ అంతా చాటిన మాట, నిజమయ్యేసరికి ఆయనకి నోట రాలేదు. ఆ గదిలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది అదే.

డాక్టరుగారు ఆయన చెయ్యి వదలకుండా, "లేని రోగాలు చాలా రాశాను. ఉన్నదాన్ని రాయకుండా వదల్లేనురా. వదిలితే నువ్వు నాకు మిగలవు" అన్నారు. ఆ రోజే సర్టిఫికెట్ రాశారు. స్నేహితుల్లో ఒకరికి ఆయన నిజం రాయగా నేను చూసిన టీబీ సెలవు అదే మొదటిది.

మాస్టారు దూరంగా ఉన్న ఒక టీబీ శానిటోరియంలో చేరారు. ఆయన భార్య తిరుపతమ్మగారికి ఫిల్మ్ తీస్తే, దేవుడి దయవల్ల ఏమీ లేదు. ఆయన భయపడినట్టు ఊళ్ళో గుసగుసలూ పుట్టలేదు. సర్టిఫికెట్ దొంగదని ముందే అందరికీ తెలుసు కదా! టీబీ అని కాగితం మీద చూసినవాళ్ళంతా కన్నుగీటి ఊరుకున్నారు. ఆవిడ కూడా గట్టి మనిషే. ఇంటాయన అడిగితే, "ఢిల్లీ దాటారటండీ" అని చెప్పేవారట. శానిటోరియంలో ఆయనేమో, టీబీకి రోజూ పిరుదుల్లో పొడిచే స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లకి రెండు వైపులా చోటు లేక ఏ పక్కకీ పడుకోలేకపోతున్నారు.

ఆ తర్వాత మా క్లినిక్‌లో ఒక కట్టుబాటు వచ్చింది. దొంగ సర్టిఫికెట్‌కి వచ్చినవాడికైనా సరే, ముందు ఫిల్మ్ తీయాలి. డాక్టరుగారు ఫిల్మ్ లేకుండా రాసిచ్చిన పాత స్నేహితులందరికీ కబురు పెట్టి పిలిపించారు. ఆ వరసలో ఒకరోజు తనే చొక్కా విప్పి నిలబడ్డారు. ఆ తర్వాత నన్నూ నిలబెట్టారు. "మీకేం, దుక్కలా ఉన్నారు" అనే మాట నేను ఆనాటితో మానేశాను. ఫిల్మ్ కడిగేదాకా ఎవరు ఆరోగ్యవంతులో నాకు తెలియదు. ఈ వృత్తి నాకు నేర్పిన పెద్ద సంగతి అదే.

సెలవు అయిపోయి మాస్టారు మళ్ళీ డ్యూటీలో చేరారు. ఆ వారంలోనే చివరి ఫిల్మ్ కోసం వచ్చారు. ఈసారి మచ్చ ఎండి, సన్నని గీతగా మిగిలింది. నాకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి. శానిటోరియంలో పక్క మంచం మీది రైల్వే ఆయన దగ్గర హిందీ నేర్చేసుకున్నానని చెప్పి, నాలుగు ముక్కలు మాట్లాడి చూపించారు. ఏడాది సెలవు ఇక జన్మలో దొరకదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"స్కూల్లో ఏమన్నారు మాస్టారూ?" అని అడిగాను.

"ఏమంటారమ్మా, పిల్లల దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరూ ఒకటే ప్రశ్న, కాశ్మీర్ ఎలా ఉందని."

"మరి మీరేం చెప్పారు?"

ఆయన చొక్కా గుండీలు పెట్టుకున్నారు.

"చలి బాగా ఎక్కువర్రా, తిరిగొస్తాననుకోలేదు అన్నాను."