హాల్వర్ మామకు పొగ కనబడితే చాలు

నూర్దాల్‌లో ఎవరి పెరట్లో పొగ లేచినా, ఆ వెనకాలే హాల్వర్ స్కారె కూడా లేచేవాడు. ముందు వడ్డించిన కంచం ఉన్నా సరే, చర్చిలో ప్రార్థన సాగుతున్నా సరే, కిటికీలోంచి ఆ బూడిదరంగు తోక కంటబడితే ఇక ఆయన కుర్చీలో ఆగేవాడు కాదు. కారు వెనక సీట్లో ఒక పొడవాటి పట్టకారు, ఒక తడి గోనెసంచి ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఎక్కడో ఎవరో పాత ఉత్తరాలు తగలబెడుతున్నారని ఆయన అనుమానం. అమెరికా వచ్చి మిన్నెసోటాలో స్థిరపడ్డ నార్వే వాళ్ళంతా తాతల కాగితాలు కాల్చడానికే కంకణం కట్టుకుని పుట్టారని నమ్మకం.

ఆ నమ్మకంలో మరీ తప్పు లేదు. నార్వేలో ఓడెక్కి వచ్చిన తాతలు పోయారు. పెట్టెల్లో కట్టలకొద్దీ ఉత్తరాలు మిగిలాయి. మనవలకు ఆ భాష రాదు, ఆ గొలుసుకట్టు రాత బొత్తిగా బోధపడదు. ఇల్లు సర్దినప్పుడల్లా ఆ కట్టలు పెరట్లో ఇనప పీపాలోకి, అట్నుంచి అటే ఆకాశంలోకి పోయేవి. మధ్యలో హాల్వర్ అడ్డుపడితే తప్ప.

ఊరి అగ్నిమాపక దళంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు పెద్దవాళ్ళు చెప్పే మొదటి పాఠం ఒకటుండేది. "మంట ఎక్కడో తెలియకపోతే హాల్వర్ కారు వెనకాల పోండిరా!" పోస్టుమాస్టరు సెల్మర్ చుట్ట ముట్టించినా, హాల్వర్ ఒకసారి తొంగిచూసి, అందులో పొగాకే ఉందని తేల్చుకుని గాని ముందుకు కదిలేవాడు కాదు.

ఒకసారి చర్చి కింది గదిలో లూటెఫిస్క్ చేప విందుకు వెన్న కరిగిస్తూ ఆడవాళ్ళు కబుర్లలో పడ్డారు. వెన్న మాడి కిటికీలోంచి పొగ వెళ్ళింది. మరు నిమిషంలో పట్టకారుతో హాల్వర్ ఊడిపడ్డాడు.

"ఏం తగలబెడుతున్నారు?"

"వెన్న, హాల్వర్!"

"ఏ సంవత్సరంది?"

ఆయన బ్రహ్మచారి. పాలకేంద్రంలో వెన్న తీసి తీసి రిటైరయ్యాడు. అక్కణ్ణుంచి తెచ్చుకున్న చెక్కపెట్టెల నిండా ఊరందరి కాగితాలే. ప్రతి ఉత్తరాన్నీ మడతలు విప్పి, ఆరబెట్టి, వెన్న చుట్టే కాగితంలో చుట్టి, పైన ఇంటిపేరు రాసి పెట్టేవాడు. పెట్టెలు మంచాన్ని ఆక్రమించాక ఆయన వంటింటి బల్ల మీదికి మారాడు. "పెళ్ళెందుకు చేసుకోలేదు హాల్వర్?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "చేసుకుని ఎక్కడ పెట్టను?" అని నిజంగానే చుట్టూ చూసేవాడు.

ఇవన్నీ అందరికన్నా దగ్గరగా భరించింది పక్కింటి రాగ్నా నెస్‌హైమ్. బడి పిల్లలకు వంటచేసే మనిషి. పెళ్ళి కాలేదు, యాభై దాటింది, తల్లి మార్తా పోయాక ఇంట్లో ఒక్కతే. పొయ్యి రాజేసినప్పుడల్లా ఆవిడ కంచె మీదుగా ముందే కేకేసేది.

"బంగాళాదుంపలు మామా! ఉత్తరాలు కావు!"

"రాజేయడానికి వాడిన కాగితమేది?"

"నిన్నటి పేపరు!"

"నిన్నటిదైతే సరే."

పోనీ పొగతో సరిపెట్టుకునేవాడా అంటే, అదీ కాదు. కాఫీకి కూర్చుంటే చాలు, పోలీసులా ప్రశ్నలు. మోకాలు నొప్పి తగ్గిందా? ఎర్రకోడి మళ్ళీ గుడ్లు పెడుతోందా? బళ్ళో హెడ్మాస్టరు పులుసు పల్చగా ఉందన్నాడటగా, నువ్వేమన్నావు? ఊళ్ళో ప్రతివాణ్ణీ ఇంతే. ముసలాడికి పొద్దుపోక ఆరాలు తీస్తున్నాడని అంతా సర్దుకున్నారు.

మార్తా పోయిన కొత్తలో నార్వే నుంచి ఆమె పేర ఒక ఉత్తరం వచ్చింది. రాగ్నాకు నార్వే భాషలో అన్నం పెట్టమనడం, తలుపు వెయ్యమనడం తప్ప ఏమీ రాదు. దాన్ని విప్పకుండానే హాల్వర్ చేతిలో పెట్టింది. ఇకముందు వచ్చేవి కూడా ఆయనకే ఇచ్చెయ్యమని సెల్మర్‌కు చెప్పింది. తర్వాత ఎప్పుడైనా హాల్వర్, "రాగ్నా, ఆ ఉత్తరం ఉందే..." అని మొదలుపెడితే, "నీ పాత కాగితాల గోల నాకొద్దు మామా" అని తుంచేసేది.

ఆవిడకు ఆ ఉత్తరాలంటే కోపం. చిన్నప్పుడు ఉత్తరం వచ్చినప్పుడల్లా అమ్మ కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చుని చదివేది. వెనకనుంచి చూస్తే భుజాలు అదిరిపోతుండేవి. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ వచ్చేది. ఏమైందమ్మా అంటే, "నీకు చెబితే అర్థం కాదులే" అనేది. సముద్రం దాటి వచ్చి మరీ అమ్మను ఏడిపించే కాగితాలవి.

ఒక ఏప్రిల్‌లో రాగ్నా ఇల్లు అమ్మేసి మినియాపోలిస్‌లో ఒక గది అద్దెకు తీసుకోవాలని నిశ్చయించుకుంది. "ఇక్కడ నాకెవరున్నారు గనక" అంది సెల్మర్‌తో. అటక మీది అమ్మ ఉత్తరాల కట్ట దించి పీపాలో పడేసి, అగ్గిపుల్ల గీసింది.

ఆవేళ హాల్వర్ కారు మరమ్మతులో ఉంది. పట్టకారు అందులోనే ఉండిపోయింది. డెబ్బై ఏళ్ళ మనిషి కంచె దూకి వచ్చి, పీపాలో చెయ్యి పెట్టేశాడు.

"మామా! నీకు పిచ్చా?"

"పట్టుకో! దులుపు! ముందు మంట దులుపు!"

"అవి మా అమ్మవి! నా ఇష్టం! ఆవిణ్ణి జన్మంతా ఏడిపించినవి!"

"ఏడిపించాయని ఎవరు చెప్పారు?"

"నా కళ్ళతో చూశాను!"

కట్టకు అంచులే నల్లబడ్డాయి. హాల్వర్ కుడిచెయ్యి మాత్రం డాక్టరు దగ్గర దూదిమూటై బయటికొచ్చింది. రాగ్నాకు ఒక పక్క భయం, ఒక పక్క సిగ్గు. ఈ రెండూ కలిస్తే నూర్దాల్ మనుషులకు పుట్టేది మౌనం. ఆవిడ హాల్వర్‌తో మాట మానేసింది. ఆయన కంచె దగ్గర నిలబడి ఎర్రకోడి క్షేమం అడిగినా, జవాబు కోడే చెప్పుకోవాల్సి వచ్చింది.

జూలైలో, రాగ్నా సామాన్లు సగం మూటగట్టాక, వాకిట్లో ఒక అద్దెకారు ఆగింది. బొద్దుగా ఉన్న ఒకావిడ పెట్టెతో దిగి, పరుగున వచ్చి, రాగ్నాను రెండు భుజాలూ పట్టి ఊపేసింది.

"నీవు జీవించియే ఉన్నావు!"

రాగ్నా అటూ ఇటూ చూసింది. "ఉన్నాననే అనుకుంటున్నా. మీరెవరండీ?"

"నేను ఒడ్‌నీని! నీ పెద్దతల్లి కుమార్తెను! వసంతకాలము నుండి నీ ఉత్తరము రాలేదు. మేము మిక్కిలి భయపడితిమి!" ఆవిడ నార్వేలో బడిపంతులమ్మ. ఇంగ్లీషు పుస్తకాల్లోంచి నేర్చుకుంది, పుస్తకంలాగే మాట్లాడేది. "నీ మోకాలు ఎట్లున్నది? ఆ ఎర్ర కోడి గ్రుడ్లు పెట్టుచున్నదా? పులుసును నిందించిన ఆ హెడ్మాస్టరు నెత్తిన గరిటెతో నిజముగానే కొట్టితివా?"

"కొట్టలేదు! చూపించానంతే! ఇదంతా మీకెవరు చెప్పారు?"

"నీవే కదా! హాల్వర్ గారి చేత వ్రాయించితివి కదా!" అని ఒడ్‌నీ సంచీలోంచి నీలంరంగు చేతితొడుగులు తీసింది. "నా కుమారుని పెండ్లికి నీవు అల్లి పంపినవి. ఎంత నాణ్యమైన అల్లిక!"

రాగ్నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఆ తొడుగులు చర్చి అమ్మకాల్లో ఎవరో కొంటుండగా చూసినట్టు లీలగా గుర్తుంది. ఎవరో ఏమిటి, హాల్వరే.

కాఫీ దగ్గర ఒడ్‌నీ మిగతాదంతా చెప్పింది. ఒక్క తమ ఇంటికే కాదు, అక్కడి సముద్రపు పాయ ఫ్యోర్డ్ పొడుగునా ఎన్నో ఇళ్ళకు ఆయన ఉత్తరాలు వెళ్తున్నాయట. ఇక్కడ ముసలివాళ్ళు పోయాక కూడా అక్కణ్ణుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, ఈయన జవాబిస్తూనే ఉన్నాడు. ఫలానావారికి భాష రాదు కనుక వారి తరఫున రాస్తున్నానని మొదలుపెట్టి, ఎవరి పంట ఎలా ఉందో, ఎవరి కూతురికి పిల్లలు పుట్టారో అన్నీ రాస్తాడట.

"మా అమ్మ మీ ఉత్తరాలు చదివి ఏడ్చేది," అంది రాగ్నా మెల్లగా.

"ఏడ్చుటయా? మొదట కొంత ఏడ్చినదేమో. తరువాత అక్కచెల్లెండ్రిద్దరికి పందెము! ఎవరు ఎవరిని ఎక్కువ నవ్వింతురో అని. నీ తల్లి ఉత్తరము చదివి మా అమ్మ కుర్చీపైనుండి క్రింద పడినది. రెండు పర్యాయములు!"

రాగ్నా లేచి, కంచె దాటి, పెట్టెల మధ్య కూర్చున్న హాల్వర్ ముందు నిలబడింది.

"నా పేరు చెప్పి చేతితొడుగులు పంపావా?"

హాల్వర్ కట్టుకట్టిన చెయ్యి వీపు వెనక్కి దాచుకున్నాడు. "పెళ్ళి కదా. ఉత్తచేతులతో ఏం బావుంటుంది?"

"అసలు నిన్నెవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదు. ఉత్తరం వచ్చింది, నువ్వెలా ఉన్నావని అడిగింది. జవాబివ్వకుండా పెట్టెలో పడేస్తే, తలుపు కొట్టినవాళ్ళను గుమ్మంలో నిలబెట్టినట్టు కాదూ?"

కృతజ్ఞత చెప్పడం నూర్దాల్‌లో పన్ను పీకించుకున్నంత పని. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క గుక్కలో, "వెయ్యి దండాలు మామా, చెయ్యి నొప్పిగా ఉందా, నన్ను క్షమించు" అనేసింది. ఆయన కంగారుపడి కిటికీ వైపు తిరిగి, వాన వచ్చేలా ఉందన్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

ఒడ్‌నీ వేసవంతా ఉంది. మూటలన్నీ ఆవిడే విప్పేసింది. "అమ్మబడును" అని వాకిట్లో పెట్టిన పలక కూడా ఆవిడే పీకి, దాని మీద రొట్టెలు ఆరబెట్టింది.

ఆవిడ తిరిగి వెళ్ళిన కొన్నాళ్ళకు ఉత్తరం వచ్చింది. హాల్వర్ వేళ్ళు ఇంకా కలం పట్టేంత వంగడం లేదు. రాగ్నాయే ఆయన బల్ల దగ్గర కూర్చుంది. ఆయన నార్వే భాషలో ఒక్కో అక్షరం విడమరిచి చెబుతుంటే, నాలుక బయటపెట్టుకుని మరీ రాస్తోంది.

"రాయి. 'ఇక్కడంతా క్షేమం.'"

"రాశాను."

"'ఈవేళ రాగ్నా హాల్వర్‌ను భోజనానికి పిలిచింది. మాంసపు ఉండలు, బంగాళాదుంపలు, పైన బోలెడంత పులుసు.'"

రాగ్నా కలం ఆపింది. "నేనెప్పుడు పిలిచాను మామా?"

"ఏమో మరి. సిరాతో రాసేశావు. అబద్ధం రాస్తే ఒడ్‌నీ ఊరుకోదు."

రాగ్నా ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత కలం పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, దుంపలు ఒలవడానికి లేచింది.