అప్ప నేర్పిన పాట

"ఈ పొద్దు పాట లేదు పాస్టరుగారూ. అప్ప పోయింది."

మొన్న తెల్లారుతూనే జాలరిపేట నుంచి వచ్చిన ఫోనులో ఈ రెండు ముక్కలే వినిపించాయి. నేను చదువుకున్న పాస్టరుని కాను. వాక్యం నాకు నేనే నేర్చుకుని, వీధి మొగల్లో గొంతు చించుకునేవాణ్ణి. అయినా పేటలో నన్నలాగే పిలుస్తారు. అప్ప అంటే పెద్దక్క. చేపలమ్మిన ఆ మనిషి పేటంతటికీ అప్పే.

మా పరిచయం ఓ పొరపాటుతో మొదలైంది. ఒడ్డున రేకుల షెడ్డులో ప్రార్థన పెట్టి, "సాయంత్రం ఆడవాళ్ళకి పాట నేర్పుతాం" అని మైకులో చెప్పాను. వచ్చారు, గంపలతో. అందరికంటే ముందు అప్ప.

"పాటన్నారు. సేపలేవి బాబూ?"

పేటలో పాటంటే చేపల వేలం. నేనన్నది కీర్తన అని తెలిశాక, గంప బోర్లించి దానిమీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వాగాక, "మా ఆడోలికి రానిది సేపల పాటే. అది నేర్పుతారేటి?" అంది.

నిజమే. వేలంలో దళారులు పాడేవారు. ఆడవాళ్ళు వాళ్ళు చెప్పిన ధరకి కొని పూర్ణా మార్కెట్టుకి మోసుకెళ్ళేవారు. మగవాళ్ళ మధ్య నిలబడి పాడేది అప్ప ఒక్కతే. బైబిల్లో అప్పుల్లో మునిగిన విధవరాలికి ప్రవక్త నూనె తెచ్చి పెట్టలేదనీ, నీ ఇంట్లో ఏముందని అడిగి, ఉన్న కాస్త నూనెనే అప్పు తీరేంతగా పెంచాడనీ ఆ రోజు కథ చెప్పాను.

"మా ఇళ్ళల్లో నోరుంది బాబూ. దాన్నే మూసీసినారు."

అప్పట్నుంచి కీర్తనలయ్యాక షెడ్డులో వేలం. చేపలకి బదులు గుమ్మంలో విడిచిన చెప్పులు. నావి ఎన్నిసార్లు అమ్ముడుపోయాయో. "పాస్టరుగారి సెప్పులు పాసిపోయినాయి, ధర దించు" అని అప్పే ఎగదోసేది.

మొగుడు సముద్రంలో పోయిన ఓ పిల్ల ఆ గుంపులో ఉండేది. దళారికి పోగా మిగిలింది తిండికే చాలక, బడికెళ్ళే కూతుర్ని ద్వారకా నగర్‌లో ఓ ఇంట్లో పనికి పెడతానని మాటిచ్చేసింది.

"ఒక్క పాట పాడి సూడు. అప్పుడు పంపుదువు గాని," అంది అప్ప.

మర్నాడు నేనూ ఒడ్డుకెళ్ళాను. కానాగంత చేపలు కుప్ప పోశారు. వేలం వేసే ఆయన ధర పిలుస్తున్నాడు. ఆ పిల్ల అప్ప వెనక్కి జరిగింది. "నువ్వే పాడెయ్ అప్పా," అని కొంగు పట్టుకుంది.

అప్ప పాడగలదు. పాడలేదు.

"నాను పాడితే ఈపూట కూర. నువ్వు పాడితే నీ పిల్లకి బడి."

అప్పుడు లేచిందో సన్నని గొంతు.

"ఎవులే ఆ పిట్ట?" అన్నాడో దళారి.

"పిట్టే. నీ నోటికాడది తన్నుకుపోతాది సూడు," అంది అప్ప.

కుప్ప ఆ పిల్లకే పడింది. ద్వారకా నగర్ మాట అక్కడితో ఆగింది. కూతురు బడి దాటి ఇప్పుడు కాలేజీకెళుతోంది. పేదింటి ఆడపిల్ల చదువాగితే తలరాత అంటారు. వాక్యం చేతబట్టుకుని చెబుతున్నాను, అది తలరాత కాదు. తల్లి నోరు నొక్కి ఎవరో రాసిన రాత.

నిన్న మళ్ళీ పాట పెట్టారు. అప్ప గంప ఎప్పటి చోటనే బోర్లించి ఉంది. ఎవరూ కూర్చోలేదు. వేలం వేసే ఆయన అలవాటుగా అటు తిరిగి ధర పిలిచి, ఆగిపోయాడు. అప్పుడు గంప వెనకనుంచి ఆ పిట్ట గొంతు అందుకుంది. దాని వెనక ఇంకో ఆడగొంతు, ఇంకోటి. ఆయన మాత్రం ఖాళీ గంపవైపే చూస్తూ ధర పెంచుకుంటూ పోయాడు.