తువ్వాలు కింద పేజీ రేటు

మా నాన్న నూజివీడులో మామిడికాయల వ్యాపారి. ఇప్పుడు బేరాలన్నీ ఫోన్లలోనే అవుతున్నాయి గానీ, నా చిన్నప్పుడు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకునేవారు. లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, నాలుగు పట్టుకుంటే నాలుగు. అవి వందలో వేలో బేరంలో ఉన్నవాళ్ళకే తెలుసు. చుట్టూ పదిమంది నిలబడ్డా వాళ్ళకు కనిపించేది తువ్వాలే. అలా తేలిన ధర బయట చెప్పడం మా ఇంట్లో తప్పు. ఆ పాఠం నాకు ఎంతగా ఒంటబట్టిందంటే, చెప్పాల్సిన చోట కూడా నోరు విప్పలేకపోయాను.

నేను బొమ్మలు వేస్తాను. ఒక పిల్లల పత్రికలో మూడేళ్ళుగా వస్తున్న కామిక్ సీరియల్‌కు బొమ్మలు నావి, కథ ఆగిరిపల్లిలో ఉండే ఒక అక్కది. సీజన్లో మామిడితోటల్లో కాయలు ఏరి సైజుల వారీగా వేరుచేసే పనికి వెళ్తుంది. మిగతా రోజుల్లో పొలం పని. ఆ మధ్యలోనే స్కూలు నోటుపుస్తకాల్లో కథలు రాస్తుంది. కోతులను తరమడానికి తోటలో పెట్టిన కొండముచ్చు తానే కాయలు తినేసి నేరం కోతుల మీదికి నెట్టడం, మా సీరియల్ అదే. నేను అక్కా అని నోరారా పిలుస్తాను. ఆవిడ మాత్రం నన్ను ‘అండీ’ అనడం ఎంత చెప్పినా మానలేదు.

పత్రికవాళ్ళు మా ఇద్దరితో విడివిడిగా అగ్రిమెంట్లు రాయించుకున్నారు. పారితోషికం ఎంతో ఎవరికీ చెప్పకూడదని రెండింట్లోనూ ఉంది. అది చదివి నాకు ముచ్చటేసింది కూడా, అచ్చం మా నాన్న వ్యాపారంలా ఉందని. నిరుడొకసారి అక్క మొహమాటపడుతూ, పేజీకి మీకెంత ఇస్తారని అడిగింది. చెప్పకూడదని రాశారు కదక్కా అన్నాను. పెద్ద నీతిమంతురాలినని లోలోపల మురిసిపోయాను, నా మొహం! ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఈ వేసవిలో ఆ సీరియల్‌ను పుస్తకంగా వేస్తామని కాగితాలు పంపారు. హక్కులన్నీ వాళ్ళవే. ఎన్ని కాపీలు అమ్ముడుపోయినా మాకు కొత్తగా వచ్చేదేమీ లేదు. ఇదేంటని ఫోన్ చేస్తే ఎడిటర్ తియ్యతియ్యగా మాట్లాడాడు. రచయిత్రిగారు ఎప్పుడో ఒప్పుకున్నారట, పాపం ఆమెకిది మొదటి పుస్తకమట, నా ఒక్కదాని సంతకం కోసమే అంతా ఆగిందట. కడుపు మండింది. అయినా ఆవిడ పుస్తకానికి నేనెందుకు అడ్డమని పెన్ను తీశాను.

నాన్న పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆవిడ ఒప్పుకున్నట్టు ఆవిడే నీతో చెప్పిందా అని అడిగారు. డబ్బు సంగతి మేం మాట్లాడుకోకూడదు నాన్నా, ఇదీ తువ్వాలు కింద బేరం లాంటిదే అన్నాను. ఆయన పేపరు కిందికి దించారు.

“తువ్వాలు కప్పేది పక్క బేరగాడికి తెలియకుండానేనమ్మా. ఒకే తోటలో వాటా ఉన్న ఇద్దరి మధ్య ఎవడన్నా కప్పుతాడా?”

పెన్ను మూత పెట్టేసి, స్కూటీ తీసి ఆగిరిపల్లి వెళ్ళాను.

అక్క అప్పుడే పని నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. సంతకం చేసేశావా అని అడిగితే నోటుపుస్తకంలోంచి కాగితం తీసి చూపించింది. సంతకం ఉంది. ఇంకా పోస్టు చేయలేదు.

“మీరు ఒప్పేసుకున్నారని చెప్పారండీ. అంత కష్టపడి బొమ్మలేశారు, నా వల్ల ఆగిపోతే బాగోదని పెట్టేశాను,” అంది.

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. నేను ఒప్పుకోలేదక్కా, నాతో నీ పేరు చెప్పారు అన్నాను. ఆవిడ కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. నా పేజీ రేటు చెబుతానంటే మాత్రం భయపడిపోయింది. వద్దండీ, మీమీద కేసు పెడతారేమో అంది. ఎదురింటావిడ చేటలో బియ్యం ఏరుతూ మావైపే చెవులు పెట్టింది. దండెం మీది తువ్వాలు లాగి మా ఇద్దరి చేతుల మీదా కప్పాను. తోటల్లో పనిచేసిన మనిషికి విడమరచి చెప్పే పనేముంది? ఆవిడ వేళ్ళు నాలుగు పట్టుకున్నాను.

“వందలేనాండీ?” అంది. అవునన్నాను.

ఆవిడ నా చూపుడువేలు వెతుక్కుని, అదొక్కటే పట్టుకుంది.

“నిరుడు అడిగినప్పుడే చెప్పాల్సిందండీ,” అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆవిడ నా వేలు వదల్లేదు.

సంతకం చేసిన కాగితం చింపేసింది. అదే నోటుపుస్తకంలో ఇద్దరం కలిసి పత్రికకు ఒకటే ఉత్తరం రాశాం. మొదటి వాక్యం అక్క చెబితే నేను రాశాను: ‘అయ్యా, మాకిప్పుడు ఒకరి రేటు ఒకరికి తెలుసు.’