పంక్తిలో పెద్దవాణ్ణి

పోయిన కార్తీకంలో తిన్నంత తిండి నేను జన్మలో తినలేదు. పేరుకు ఉపవాసాల మాసం. మా ఖమ్మం వైపు మాత్రం అది మామిడితోటల్లో వనభోజనాల మాసం. కులం వాళ్ళది ఒకటి, రిటైరైన ఉద్యోగులది ఒకటి, గుడి కమిటీది, ఎరువుల దుకాణాల వాళ్ళది, చివరికి మా కాలనీలో పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్ళది. ఆ నడిచేవాళ్ళే అందరికంటే ఎక్కువ తిన్నారు. పిలిచిన ప్రతిచోటికీ నేనూ వెళ్ళాను. ఇంటికొచ్చాక ఏమేం తిన్నానో డైరీలో రాసేవాణ్ణి. కొలువులో ఉన్నన్నాళ్ళూ గోదావరి నీటిమట్టం రాసిన చేయి, ఏదో ఒకటి రాయనిదే పడుకోదు. పులిహోర, పూర్ణాలు, గుత్తివంకాయ, మీగడ వేసిన ఉలవచారు. రాస్తుంటే వేళ్ళకు నెయ్యి కంపు. సబ్బు పెట్టి కడిగినా పోయేది కాదు. మీసాల్లోనూ అదే కంపు. రాత్రి తేన్పు వస్తే మధ్యాహ్నం భోజనం మొత్తం మళ్ళీ ముక్కు దాకా వచ్చి పలకరించి పోయేది.

ఆ మాసం ముగిశాక కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ముందు ఎడమ కంటికి ఆపరేషన్ అనుకున్నాం. ఆమె రక్తపరీక్ష కాగితం చూసి పక్కన పడేసింది.

"ఇంత షుగర్‌తో నేను కంటిమీద చెయ్యి వెయ్యను సార్. తగ్గించుకుని రండి."

అప్పటికే నేను రాసింది నాకే కనిపించడం లేదు. గీత మీద రాస్తున్నాననుకుంటే ఒక వరస వెళ్ళి ఇంకో వరస మీద ఎక్కేది. చదువుకున్న నాటి నుంచి రోజూ రాసినవాణ్ణి. ఇంకో ఆరు నెలలు ఇట్లాగే పోతే డైరీ కట్టిపెట్టాల్సిందేనని అర్థమైంది. అది నాకు ప్రాణం పోయినంత పని.

డాక్టరమ్మ షుగర్ మందు పెంచింది. దాంతోపాటు తినే పద్ధతి ఒకటి చెప్పింది. టీవీ కట్టెయ్యాలి. మాట్లాడకూడదు. ముద్దను చూడాలి, వాసన చూడాలి, నీళ్ళయ్యేదాకా నమిలి అప్పుడు మింగాలి. అట్లా తింటే కొంచెంతోనే కడుపు నిండుతుంది, రుచి కూడా రెట్టింపవుతుంది అన్నది.

కడుపు సంగతి నిజమే. రుచి సంగతి అబద్ధం. చూపు ఆనదు కాబట్టి ముద్దను కంటికి జానెడు దూరంలో పెట్టుకుని చూసేవాణ్ణి. వంకాయ తొక్క నల్లగా ముడుచుకుపోయి, గింజలు నూనెలో ఈదుతూ ఉండేవి. ఇదా నేను ఇంతకాలం లొట్టలేసుకుంటూ తిన్నది అనిపించేది. ఇక నమలడం మొదలుపెడితే రోత ఇంకా పెరిగేది. మొదట కారం, తర్వాత పులుపు, ఆ తర్వాత దేనికీ చెందని ఒక గోరువెచ్చని జావ. పైగా టీవీ లేదు, మాటల్లేవు, నా దవడల చప్పుడు ఇల్లంతా వినపడేది.

మూడో రోజే మా ఆవిడ కంచం పట్టుకుని లేచింది.

"ఏమండీ, మీరు తినండి. నేను వంటింట్ల తింట. గేదె పక్కన కూసున్నట్టుంది."

అయితే ఆ రోతే పనిచేసింది. రెండో వడ్డన అడగబుద్ధి కాలేదు. పరగడుపు షుగర్ మెల్లగా దిగడం మొదలైంది. మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడానికి వారం ఉందనగా మా బావమరిది గృహప్రవేశం వచ్చిపడింది.

అతను మా ఆవిడ తమ్ముడు. దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డున మిర్చి వేస్తాడు. పెట్టడంలో చెయ్యి పెద్దది. వాళ్ళ కుటుంబాల్లో పంక్తికి ఒక పద్ధతి ఉంది. అందరిలో పెద్దవాడు విస్తట్లో చెయ్యి పెడితేనే మిగతావాళ్ళు మొదలుపెట్టాలి. ఆయన లేస్తేనే వాళ్ళూ లేవాలి. మనిషి కూర్చుని ఉన్నంతసేపూ విస్తరి ఖాళీగా కనిపించకూడదు. ఆ రోజు పంక్తిలో పెద్దవాణ్ణి నేనే. ఆ సంగతి ఆలోచించకుండా నా పద్ధతిలో నేను నమలడం మొదలుపెట్టాను.

నేను పప్పు దగ్గరే ఉండగా మిగతావాళ్ళు పెరుగు కూడా ముగించారు. లేవడానికి లేదు. వడ్డించేవాళ్ళు వాళ్ళ విస్తళ్ళు చూసి మళ్ళీ పులిహోర వేశారు, మళ్ళీ గారెలు వేశారు. నా పక్కన బావమరిది వియ్యంకుడు, భారీ మనిషి, పంచె ముడి వదులు చేసుకుని నా వైపు వంగాడు. ఆయన తేన్పు నా చెంపకు తగిలింది.

"అన్నగారూ, చెయ్యి ఎండిపోయింది. గోకితే పెరుగు రాలుతోంది."

రెండో పంక్తి జనం అప్పటికే మా వీపుల వెనక నిలబడి ఉన్నారు. ఎవరిదో మోకాలు నా వెన్నుకు తగులుతోంది. వెనక ఒకామె తన పిల్లకు చెప్తోంది.

"ఆగవే. ఆ తాత మెతుకు మెతుకును పలకరిస్తుండు. అన్నీ అయినంక లేస్తడు."

అంతలో బావమరిది నేతి గిన్నె, బొబ్బట్ల పళ్ళెం పట్టుకుని వచ్చాడు. నేను విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను. చేతి మీదే రెండు బొబ్బట్లు వేసి, ఆ పైన నెయ్యి పోశాడు. మణికట్టు దాకా కారింది.

"వద్దయ్యా. వారంలో కంటి డాక్టరు దగ్గరికి పోవాలె."

"ఏంది బావా గిట్ల జేస్తవ్! కన్ను ఎక్కడికి పోదు. నా కొత్తింట్ల తీపి తినకుండ లేస్తవా? మా అక్క మొహం చూసి ఒక్కటి తిను."

ఆడవాళ్ళ పంక్తిలోంచి మా ఆవిడ చూస్తోంది. అందరూ చూస్తున్నారు. అర ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. గుటుక్కున మింగి ఉంటే పోయేది. అలవాటైన దవడలు ఆగలేదు. బెల్లం కరిగిపోయింది. శెనగపప్పు పిండి పళ్ళకు పట్టుకుంది. నెయ్యి చల్లబడి అంగిట్లో పొరలా పేరుకుంది. పక్కనుంచి వియ్యంకుడి తేన్పు మరొకటి వచ్చింది. మింగబోతే దిగలేదు. చేసేది లేక రెండు వేళ్ళతో ఆ ముద్ద బయటికి తీసి విస్తరి అంచున పెట్టాను. పసుపుపచ్చగా, మెత్తగా, తడిగా ఉంది.

వెనకామె "ఛీ" అన్నది. వియ్యంకుడు నోటికి తుండు అడ్డం పెట్టుకుని లేచాడు. ఆయన వెంట పంక్తి మొత్తం లేచింది, పెద్దవాడు కూర్చుని ఉండగానే. బావమరిది నేతి గిన్నెతో అట్లాగే నిలబడిపోయాడు.

తిరుగు ప్రయాణంలో భద్రాచలం బ్రిడ్జి దాటాక మా ఆవిడ అడిగింది.

"మా తమ్ముడు ఇల్లు కట్టుకున్నది మీరు ఉమ్మెయ్యనీకా?"

"ఉమ్మలేదు. చేత్తో తీసిన."

"ఆఁ, అదొక మర్యాద!"

వారం తర్వాత డాక్టరమ్మ కాగితం చూసి తలూపింది. ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన నాడు బావమరిది ఫోన్ చేశాడు. ముందు కన్ను ఎట్లుందని అడిగాడు, తర్వాత, "మా వియ్యంకుడు బొబ్బట్టు పేరెత్తితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటుండు బావా" అన్నాడు. నవ్వాడో తిట్టాడో తెలియలేదు.

మొన్న వాళ్ళ మనవరాలిని ఊయల్లో వేస్తే వెళ్ళాం. నాకు వంటింటి గుమ్మం పక్కన ఒక కుర్చీ, ఒక స్టూలు, స్టీలు పళ్ళెంలో కొంచెం అన్నం. పంక్తిలో పెద్దరికం వియ్యంకుడికి ఇచ్చారు. ఆయన జల్దీగా తిని జల్దీగా లేస్తాడు, అందరికీ హాయిగా ఉందట. నేను నా అన్నం నములుతూ పంక్తి మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఎవరి గడ్డం మీద ఏం కారుతోందో, ఎవరి నోట్లో ఎంత ముద్ద పట్టిందో అన్నీ ఎడమ కంటికి శుభ్రంగా కనిపించాయి. పళ్ళెంలో సగం అన్నం ఉండగానే చెయ్యి కడుక్కున్నాను. ఎవరూ నాకోసం ఆగలేదు.